వెట్ ఫ్లై: గాలానికి కట్టిన ఈక చరిత్ర

ట్రౌట్ చేపను పట్టడానికి చిన్న గాలం మీద పట్టునూలు, ఈక, జంతువుల బొచ్చు చుట్టి చేసే బొమ్మ పురుగును ఫ్లై అంటారు. నీటిపై తేలకుండా, మునిగి పనిచేసేది వెట్ ఫ్లై. ఫ్లైలన్నిటిలోకీ పాతది ఇదే. రూపంలో చాలా సాదాది కూడా. దీని చరిత్రలో రాజవంశాలూ యుద్ధాలూ లేవు. ఏటి ఒడ్డున నిలబడి పురుగును, చేపను, ప్రవాహాన్ని శ్రద్ధగా గమనించిన మనుషులున్నారు. ఆ చూపే ఈ కళకు మూలధనం.

ట్రౌట్ చల్లని, పారే నీటి చేప. దాని తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే దొరుకుతుంది. మేఫ్లై, క్యాడిస్, స్టోన్‌ఫ్లై వంటి పురుగుల పిల్లలు రాళ్ల సందుల్లో పెరుగుతాయి. వాటిలో చాలావి పెద్దయ్యాక రెక్కలు విప్పుకోవడానికి నీటి పైభాగానికి చేరాలి. ఆ ప్రయాణంలో వాటికి దాక్కోవడానికి చోటు ఉండదు, పారిపోయే బలమూ ఉండదు. చేప కాచుకుని ఉండేది సరిగ్గా అక్కడే. గుడ్లు పెట్టడానికి నీటిలో దిగేవి, అలల్లో పడి మునిగినవి కూడా చివరికి దాని నోటికే చేరతాయి. వెట్ ఫ్లై కట్టే మనిషి అనుకరించేది అలా కొట్టుకుపోతున్న ప్రాణిని.

ఈ వేట గురించి మనకు దొరికే తొలి స్పష్టమైన వర్ణన క్రీ.శ. 200 ప్రాంతానిది. రోమన్ రచయిత క్లాడియస్ ఏలియన్ జంతువుల స్వభావాల మీద రాసిన గ్రీకు గ్రంథంలో మాసిడోనియా ప్రజల సంగతి చెప్పాడు. బెరోయా, థెస్సలోనికీ పట్టణాల మధ్య పారే ఆస్ట్రేయస్ నదిలో మచ్చల చర్మం ఉన్న చేపలున్నాయని, అవి నీటిపై ఎగిరే ఒక ఈగను తింటాయని రాశాడు. అక్కడివాళ్లు ఆ ఈగను గాలానికి గుచ్చరు, ఎందుకంటే చెయ్యి తగలగానే దాని రంగు పోయి రెక్కలు వాడిపోతాయి. అందుకని గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గర మొలిచే మైనపు రంగు ఈకలు రెండు కడతారు. కర్ర ఆరడుగులు, దారం ఆరడుగులు. ఇప్పటి ఫ్లై కట్టేవాళ్ల బల్ల మీద ఆ వివరణ పెడితే ఒక్క సందేహం కూడా అడగకుండా కట్టేయగలరు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి పనితీరు ఇంత సూటిగా మన చేతికి అందడం అరుదు.

ఆ తర్వాత చెప్పుకోదగ్గ పుస్తకం 1496లో ఇంగ్లండులో వచ్చింది. గాలపు వేట మీద రాసిన ఆ చిన్న గ్రంథాన్ని వెస్ట్‌మిన్‌స్టర్‌లో వింకిన్ డి వోర్డ్ ముద్రించాడు. డేమ్ జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని దాన్ని రాసిందని పరంపరగా చెబుతారు గాని గట్టి ఆధారం లేదు. ఏ నెలలో ఏ ఫ్లై వాడాలో చెబుతూ అందులో పన్నెండింటి తయారీ ఇచ్చారు. గుర్రం తోక వెంట్రుకలు పేనిన దారాలకు రంగు వేయడం కూడా అందులో ఉంది. స్పెయిన్‌లో 1624 నాటి ఆస్తోర్గా చేతిరాత పుస్తకం లియోన్ ప్రాంతపు కోళ్ల ఈకలతో కట్టే ఫ్లైలను నెలలవారీగా వివరిస్తుంది. ఆ మెరిసే ఈకల కోసమే అక్కడ కోళ్లను పెంచే అలవాటు నేటికీ ఉంది. ఇక 1653లో ఐజాక్ వాల్టన్ ‘కంప్లీట్ ఆంగ్లర్’ వెలువడింది. ఫ్లై వేటకు సంబంధించి అందులో అసలు బలం వాల్టన్‌ది కాదు. 1676 ముద్రణలో చార్లెస్ కాటన్ చేర్చిన రెండో భాగానిది. డవ్ నది ఒడ్డున పెరిగిన కాటన్ తన ఏటి పురుగులను చేతిరేఖల్లా ఎరిగినవాడు.

1836లో ఆల్‌ఫ్రెడ్ రోనాల్డ్స్ ఈ విద్యను ఊహల నుంచి పరిశీలన మీదికి తెచ్చాడు. స్టాఫర్డ్‌షైర్‌లో బ్లైత్ నది పక్కన ఒక చిన్న గుడిసె కట్టుకుని, అందులోంచి ట్రౌట్లు ఏం చూస్తాయో, ఏం తింటాయో గమనించాడు. ఆయన పుస్తకంలో అసలు పురుగు బొమ్మ, దాన్ని పోలిన ఫ్లై బొమ్మ పక్కపక్కనే రంగుల్లో ఉంటాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఏదో ఒక రకంగా ఆయనకు రుణపడ్డవాళ్లే.

అయితే సాదా వెట్ ఫ్లైకి అసలు పుట్టిల్లు ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు. అక్కడి ఏళ్లు రాళ్ల మీదుగా వడిగా దూకుతాయి. చేపకు ఎరను పరీక్షించే తీరిక ఉండదు, కనబడ్డ క్షణంలో తేల్చుకోవాలి. అలాంటి నీటిలో పురుగును అచ్చుగుద్దినట్టు చేయడం కన్నా, దానిలో ప్రాణం ఉన్నట్టు కనిపించడం ముఖ్యం. అందుకే అక్కడివాళ్లు రెక్కలు మానేసి, సన్నని పట్టునూలు ఒంటికి మెత్తని ఈక ఒకటి రెండు చుట్లు చుట్టి సరిపెట్టారు. వీటికి స్పైడర్లు అని పేరు. యార్క్‌షైర్‌లోని వార్ఫ్ నది లోయలో జాన్ స్వార్‌బ్రిక్ 1807లో రాసుకున్న ఫ్లైల జాబితా, ఆ నాటికే ఈ పద్ధతి ఎంత స్థిరపడిందో చూపుతుంది.

దీన్ని అందరికీ తెలిసేలా చేసినవాడు డబ్ల్యూ.సి. స్టీవార్ట్. 1857లో వచ్చిన ‘ప్రాక్టికల్ ఆంగ్లర్’లో ఆయన చెప్పిన సంగతులు రెండే. చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది కాబట్టి దాని వెనక నుంచి వెళ్లి ఎగువకు విసరాలి. పదుల కొద్దీ ఫ్లైలు మోయనక్కరలేదు, మూడు స్పైడర్లు చాలు. స్టార్లింగ్ పిట్ట నల్లని ఈకను గోధుమరంగు పట్టునూలుకు కట్టిన బ్లాక్ స్పైడర్ వాటిలో మేటి. అది జేమ్స్ బెయిలీ అనే వేటగాడి దగ్గర చూసి నేర్చుకున్నదేనని స్టీవార్ట్ దాచకుండా చెప్పాడు. పేరుమోసిన రచయిత ఒక ఏటి ఒడ్డు వేటగాడికి ఇలా గౌరవం ఇవ్వడం గుర్తుంచుకోదగిన విషయం.

రెక్కలున్న వెట్ ఫ్లైలలో గ్రీన్‌వెల్స్ గ్లోరీ పుట్టిన కథ అందరికీ ఇష్టమైనది. 1854 మే నెలలో డరమ్‌కు చెందిన క్రైస్తవ గురువు విలియం గ్రీన్‌వెల్ ట్వీడ్ నదిలో వేటాడుతుంటే, ట్రౌట్లు ఒక పురుగును ఆబగా తింటూ ఆయన ఫ్లైని మాత్రం ముట్టలేదు. ఆయన ఆ పురుగును పట్టి, స్ప్రౌస్టన్ ఊళ్లో ఫ్లైలు కట్టే జేమ్స్ రైట్‌కు చూపించాడు. నల్లపిట్ట రెక్క ఈక, మైనం పట్టించిన పసుపు పట్టునూలు, ఎరుపు నలుపుల కోడి ఈకతో రైట్ దాన్ని కట్టాడు. మర్నాడు గ్రీన్‌వెల్ బుట్ట నిండింది. తర్వాత జరిగిన విందులో ఊరి బడిపంతులు ఆ పేరు ప్రకటించాడని చెబుతారు. గ్రీన్‌వెల్ పేరున్న పురావస్తు పరిశోధకుడు కూడా. గ్రైమ్స్ గ్రేవ్స్ చెకుముకి గనులను 1868–70లో తవ్వింది ఆయనే. ఆ సంగతి కన్నా ఈ ఫ్లైయే ఆయన్ని ఎక్కువమందికి గుర్తు చేస్తోంది.

లీడ్స్‌కు చెందిన టి.ఇ. ప్రిట్ 1885లో యార్క్‌షైర్ ఫ్లైలను సేకరించి పుస్తకంగా తెచ్చాడు. మరుసటి ఏడు అదే ‘నార్త్ కంట్రీ ఫ్లైస్’ అనే పేరుతో మళ్లీ వచ్చింది. ఇందులో అరవై రెండు ఫ్లైలకు రంగుల బొమ్మలున్నాయి. పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్, స్నైప్ అండ్ పర్పుల్, వాటర్‌హెన్ బ్లోవా నేటికీ అదే తీరున కడుతున్నారు. నాలుగు గోడల మధ్య తండ్రి నుంచి కొడుక్కి చేరే జ్ఞానాన్ని అచ్చులోకి ఎక్కించిన ఘనత ప్రిట్‌ది.

సరిగ్గా అప్పుడే దక్షిణాన గాలి మారింది. 1886లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ తేలే ఫ్లైల మీద పుస్తకం రాశాడు. హ్యాంప్‌షైర్‌లోని టెస్ట్ వంటి సుద్దనేలల నదుల్లో నీరు అద్దంలా ఉంటుంది, పైకి వచ్చి తినే చేప కంటికి కనిపిస్తుంది. అక్కడ ఆ పద్ధతి నిజంగానే గొప్పది. కాని ఆయన అనుచరులు దాన్ని ఒక నియమంగా మార్చి, మునిగే ఫ్లైని మర్యాద లేని వేటగా చూశారు. న్యాయవాది జి.ఇ.ఎం. స్క్యూస్ ఇచెన్ నదిలో తన అనుభవంతో దీన్ని ఎదిరించాడు. పైకి రాకుండా నీటి లోపలే తింటున్న చేపకు తేలే ఫ్లై ఎందుకు వేయాలన్నది ఆయన వాదం. 1910లో వచ్చిన ‘మైనర్ టాక్టిక్స్ ఆఫ్ ది చాక్ స్ట్రీమ్’ ఆ వాదాన్ని ఎంతో మర్యాదగా, ఎంతో బలంగా చెప్పింది. గొడవ మాత్రం ఆగలేదు. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీని మీద చర్చే జరిగింది. ఈ తగాదాలో న్యాయం స్క్యూస్ పక్షానే ఉంది, ఎందుకంటే ఆయన చేప పొట్టలో ఏముందో చూసి మాట్లాడాడు.

అమెరికాలో మొదట్లో రంగురంగుల ఫ్లైలదే రాజ్యం. మేరీ ఆర్విస్ మార్‌బరీ 1892లో తెచ్చిన పెద్ద పుస్తకం వాటి బొమ్మలతో నిండి ఉంటుంది. సాదా ఫ్లైకి అక్కడ గురువు పెన్సిల్వేనియాకు చెందిన జేమ్స్ లీసెన్‌రింగ్. ఆయన పనిముట్లు చేసే కార్మికుడు, స్క్యూస్‌తో ఉత్తరాలు నడిపినవాడు. పట్టునూలు మధ్య బొచ్చు పెట్టి, ప్యాంటు మీద మోకాలి దగ్గర దొర్లించి పురుగు ఒంటిని ముందే పేని పెట్టుకునేవాడు. లోపలి నూలు రంగు తడిసినప్పుడు బొచ్చులోంచి తొంగిచూడాలన్నది ఆయన పట్టింపు. ఆయన పుస్తకం 1941లో, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిన సమయంలో వచ్చి మరుగున పడింది. శిష్యుడు వెర్నన్ హైడీ 1971లో దాన్ని పెంచి మళ్లీ అచ్చు వేయించాడు. 1975లో సిల్వెస్టర్ నీమ్స్ మెత్తని ఈకల ఫ్లైల మీద రాసిన పుస్తకంతో పాత స్పైడర్లు కొత్త తరానికి అందాయి.

కట్టే పద్ధతిలో రహస్యమేమీ లేదు. పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్‌నే తీసుకుంటే, పన్నెండు నుంచి పదహారు నంబరు గాలం, మైనం పట్టించిన నారింజరంగు పట్టునూలు, కౌజు జాతికి చెందిన పార్ట్రిడ్జ్ వీపు ఈక ఒకటి కావాలి. గాలాన్ని చిన్న పట్టుకారులో బిగించి, నూలును గాలం ముల్లు ఉన్న చోటి వరకూ ఒత్తుగా చుట్టి వెనక్కి తేవాలి. ఈకను కొస దగ్గర కట్టి ఒకటిన్నర లేదా రెండు చుట్లే తిప్పి, తల దగ్గర ముడి వేసి ముగించాలి. కొత్తవాళ్లు ఈక ఎక్కువ చుడతారు. అప్పుడు పోగులు ఒకదానికొకటి అడ్డుపడి ఫ్లై బిరుసెక్కుతుంది. నాలుగు పోగులు విడివిడిగా ఉంటేనే ప్రవాహం వాటిని మూసి తెరవగలుగుతుంది. ఆ కదలికే చేపకు ప్రాణంగా కనబడుతుంది.

వేసే తీరుకు వస్తే, తరచుగా ఒకే దారానికి మూడు ఫ్లైలు కడతారు. ఒకటి చివర, రెండు మధ్యలో చిన్న కొమ్మల్లా వేలాడేవి. స్టీవార్ట్ మార్గంలో ఎగువకు విసిరితే ఫ్లై ప్రవాహంతో సహజంగా కొట్టుకొస్తుంది. చేప అందుకున్నది చేతికి తెలియదు, దారం ఒక్క క్షణం ఆగడం కంటితో పట్టుకోవాలి. ఇది కష్టం, కాని ఎండాకాలపు తేటనీటిలో దీనికి సాటి లేదు. రెండో మార్గం అడ్డంగా, కాస్త దిగువకు విసిరి ప్రవాహం దారాన్ని ఒడ్డు వైపు తిప్పేలా వదలడం. నడుమ నీరు దారాన్ని వంచి లాగేస్తుంటే కర్రతో దాన్ని ఎగువకు తిప్పి వేయాలి. లేకపోతే ఏ పురుగూ ఈదనంత వేగంతో ఫ్లై పరుగెడుతుంది. ఇక్కడ చేప గుంజేది చేతికే తెలుస్తుంది, గుంజగానే ఎదురు లాగకపోవడం మంచిది. లీసెన్‌రింగ్ పేరుమీద ఉన్న మూడో కిటుకులో, చేప ఉందనుకున్న చోటికి మునిగిన ఫ్లై చేరే క్షణంలో దారాన్ని బిగించి అది పైకి లేచేలా చేస్తారు. నీటి పైకి ఈదే పురుగు నడక అదే.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. ‘ఫిషెస్ ఆఫ్ ఇండియా’ గ్రంథకర్త, మద్రాసు సైన్యంలో వైద్యుడు ఫ్రాన్సిస్ డే 1863లో దాన్ని నీలగిరులకు తేబోయి విఫలమయ్యాడు. తర్వాత 1907లో హెచ్.సి. విల్సన్ చేతుల మీదుగా నీలగిరుల్లోని అవలాంచిలో ట్రౌట్ పిల్లల కేంద్రం ఏర్పడింది. కాశ్మీరుకు 1900లో బ్రిటన్ నుంచి వచ్చిన గుడ్లు నిలిచాయి. అంతకు ముందటి ఏడాది పంపినవి దారిలోనే పాడయ్యాయి. కులూ లోయలోనూ తర్వాత ట్రౌట్ నిలదొక్కుకుంది. అక్కడ మత్స్యశాఖ అనుమతి చీటీ తీసుకునే వేటాడాలి, గుడ్లు పెట్టే చలికాలంలో వేట నిషేధం.

తెలుగు నేల నుంచి ఈ వేటకు వెళ్లాలనుకునేవారు ఫ్లైలను ఇంట్లోనే కట్టుకోవచ్చు. కౌజు, నీటికోడి వంటి పక్షులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి కాబట్టి వాటి ఈకల జోలికి పోవద్దు. పెంపుడు కోడిపెట్ట మెడ ఈకలు కావలసినంత మెత్తగా ఉంటాయి, ఆ పనికి అవే చాలు.