నువ్వుల పొడిలో కారం ఎప్పుడొచ్చింది?

మన పొడుల మీద మాటొస్తే చాలు, "వేల ఏళ్ళ నాటి ఆంధ్రా రుచి" అనేస్తాం. నువ్వుల కారప్పొడి వరకూ ఇందులో సగమే నిజం. ఆ సగం ఏదో చూద్దాం.

నువ్వులు నిజంగానే మనవి. ఈ పంటని మొదట సాగుచేసింది భారత ఉపఖండంలోనే. హరప్పా తవ్వకాల్లో సుమారు 4000 ఏళ్ళ నాటి మాడిన నువ్వులు దొరికాయి. అంతదూరం ఎందుకు, మన "నూనె" అన్న మాటే చూడండి. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. తమిళంలో ఎళ్ + నెయ్ = ఎణ్ణెయ్. సంస్కృతంలోనూ తిల నుంచే తైలం. అంటే వేరుశెనగ నూనె అన్నప్పుడల్లా మనం తెలీకుండానే నువ్వుల్ని తలుచుకుంటున్నామన్నమాట!

మరి కారమో? అది అమెరికా ఖండాలది. కొలంబస్ అటు వెళ్ళింది 1492లో, వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. పోర్చుగీసు ఓడల్లో మిరపకాయ మన తీరానికి చేరింది 16వ శతాబ్దంలో. అంతకు ముందు ఘాటు అంటే ప్రధానంగా మిరియాలే. కొత్త కాయకి కొత్త పేరు వెతికే ఓపిక ఎవరికీ లేనట్టుంది, పాత పేరే సాగదీశారు. మిరియం - మిరప, తమిళంలో మిళగు - మిళగాయ్, కన్నడంలో మెణసు - మెణసినకాయి. మలయాళంలో ఇంకా విచిత్రం: ముళగు అంటే ఇప్పుడు మిరపకాయే, అసలు మిరియం 'కురుముళగు' అని తోక తగిలించుకోవాల్సొచ్చింది.

మిరపకాయ ఎందుకు గెలిచిందో ఊహించడం కష్టం కాదు. మిరియాల తీగకి పడమటి కనుమల వాన, నీడ కావాలి. మిరప మొక్క మన పెరట్లో, ఎండలో కాస్తుంది. కొనుక్కునే ఘాటు కాస్తా పండించుకునే ఘాటయింది.

పాత వెర్షన్ పూర్తిగా పోలేదు లెండి. కొన్ని ఇళ్ళల్లో తద్దినం వంటల్లో ఇప్పటికీ మిరపకాయ పడదు, మిరియాలే. బాలింతకి పెట్టే పథ్యంలోనూ అంతే. మా వృత్తి భాషలో బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ :)

కాబట్టి "ఎండుమిర్చి లేకపోతే అది మన పొడే కాదు" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ మాటకొస్తే వెల్లుల్లి మధ్య ఆసియాది, జీలకర్ర పశ్చిమాసియా వైపుది. బయటినుంచి వచ్చాయని తీసేయమనడం లేదు. ఎంత కారం ఉంటే అంత తెలుగుతనం అనే లెక్క మాత్రం నాకు ఎక్కదు.

ఒకసారి పాత పద్ధతిలో చేసి చూడండి. కప్పు నువ్వులు సన్నసెగ మీద చిటపటలాడే దాకా వేయించాలి. రంగు బాగా మారేదాకా ఆగితే చేదెక్కుతాయి. రెండు చెంచాల మిరియాలు, చెంచాడు జీలకర్ర విడిగా వేయించి, ఉప్పుతో ముందు మెత్తగా కొట్టండి. పూర్తిగా చల్లారాకే నువ్వులు వేసి, మిక్సీ ఆపి ఆపి తిప్పండి. నువ్వుల్లో దాదాపు సగం నూనే, ఒకే బిగిన తిప్పితే పొడి కాదు, ముద్దవుతుంది. ఎండుమిర్చి అలవాటైన నాలుకకి మొదటి ముద్ద చప్పగానే ఉంటుంది. వేడన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసుకుని రెండో ముద్ద తినండి.