గిల్టు నగ కోర్టుకెక్కింది

1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడయ్యారు. ఆనాటి వేడుకకు ఆయన భార్య మేమీ గులాబీరంగు గౌను వేసుకొచ్చారు. మెడలో ముత్యాలు మాత్రం అసలువి కావు. కొనలేక కాదు, కోరి చేయించుకున్నారు. చేసింది న్యూయార్క్‌లోని ట్రైఫారీ కంపెనీ.

ట్రైఫారీ అన్న ఇంటిపేరు ఇటలీలోని నేపుల్స్‌ది. నగలు చేసే కుటుంబంలో పుట్టిన గుస్తావో ట్రైఫారీ 1904లో అమెరికా చేరాడు. తర్వాత లియో క్రుస్మన్‌తో కలిసి దువ్వెనలు, కొప్పు పిన్నుల వ్యాపారం సాగించాడు. 1920ల్లో ఆడవాళ్లు జుట్టు కత్తిరించుకునేసరికి పిన్ను పెట్టడానికి కొప్పే లేకపోయింది. అప్పుడు అమ్మకాలు బాగా తెలిసిన కార్ల్ ఫిషెల్‌ను కలుపుకుని ముగ్గురూ నగల వైపు తిరిగారు.

1930లో ఆల్ఫ్రెడ్ ఫిలిప్ చేరాక దశ తిరిగింది. ఈ ఫ్రెంచి కళాకారుడు అంతకుముందు కార్టియర్ వంటి సంపన్నుల దుకాణాలకు నగలు గీసినవాడు. గాజురాళ్లయినా సరే, వజ్రాలకు చేసినట్టే చేత్తో పొదిగించాడు. ఆయన గీసిన కిరీటం ఆకారపు బ్రోచీ (బట్టకు గుచ్చుకునే నగ) చూస్తే తెలుస్తుంది: గుండ్రటి ఎరుపు, పచ్చ, నీలం రాళ్ల మధ్య సన్నని తెల్లరాళ్లు వరుస కట్టి ఉంటాయి. మన మొఘల్ శైలి చెక్కుడు రాళ్ల పోకడ కూడా ఆ కంపెనీ నగల్లోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మామూలు లోహాలు కరువైతే వెండి మీద బంగారు పూత వేశారు. జంతువుల బ్రోచీలకు పొట్ట స్థానంలో పారదర్శకమైన లూసైట్ ప్లాస్టిక్ ముక్క బిగించారు.

ఇంత పనితనాన్ని ఎవరో కాపీ కొడితే? చారెల్ అనే కంపెనీ మీద ట్రైఫారీ కోర్టుకెళ్లింది. చౌక నగ కళ ఎలా అవుతుందన్నదే అక్కడ తేలాల్సిన ప్రశ్న. 1955లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ట్రైఫారీ పక్షాన నిలిచింది. గిల్టు నగకూ కాపీరైట్ ఉంటుందని తేలింది. నా దృష్టిలో మేమీ మెడలోని ముత్యాల కన్నా ఇదే పెద్ద గౌరవం, ఎందుకంటే ఇది ధరించిన మనిషి హోదాకు కాక చేసిన చేతులకు దక్కింది.

1960ల్లో ముగ్గురు భాగస్వాముల కొడుకులు పగ్గాలు పట్టారు. 1975లో కంపెనీని హాల్‌మార్క్ కొనేయడంతో కుటుంబాల చేతి నుంచి జారిపోయింది. పాత నగలు సేకరించేవాళ్లు నేటికీ ట్రైఫారీ బ్రోచీ దొరికితే ముందు వెనక్కి తిప్పి చూస్తారు. పేరు పక్కన కాపీరైట్ గుర్తు ఉంటే, అది ఆ తీర్పు నాటిదో తర్వాతిదో అని లెక్క కడతారు.