విమాన టికెట్‌పై కార్డు రుసుము: బ్రిటన్ చరిత్ర

క్రెడిట్ కార్డుతో కొనేవారి దగ్గర నగదు ధర కంటే ఎక్కువ తీసుకోకూడదని కార్డు సంస్థలు ఒకప్పుడు బ్రిటన్ వ్యాపారులతో ఒప్పందం రాయించుకునేవి. కార్డు అమ్మకంపై వ్యాపారి బ్యాంకుకు చెల్లించే కమిషన్ ఈ షరతు మూలంగా సరుకుల ధరల్లో కలిసిపోయి, కార్డు లేనివారి మీద కూడా పడుతున్నదని గుత్తాధిపత్యాలను విచారించే కమిషన్ 1989లో తేల్చగా, ప్రభుత్వం 1990 నాటి ఉత్తర్వుతో ఆ షరతును రద్దు చేసింది. ఎవరి ఖర్చు వారే భరించాలన్న ఆ ఉద్దేశం న్యాయమైనదే.

ఆ అనుమతిని చౌక విమాన సంస్థలు ఆదాయమార్గంగా మార్చుకున్నాయి. ప్రకటనలో కొద్ది పౌండ్ల ధర చూపి, ప్రయాణికుడు తేదీలు, పేర్లు, సామాను వివరాలు నింపి చెల్లింపు దాకా వచ్చాక కార్డు రుసుము చేర్చేవారు. ధరను ఇలా అంచెలంచెలుగా బయటపెట్టే పద్ధతినే డ్రిప్ ప్రైసింగ్ అంటారు. బ్యాంకు పని ఒక్క లావాదేవీయే అయినా రుసుము తలకొకటిగా, ప్రయాణానికొకటిగా పడేది కనుక, నలుగురున్న కుటుంబం రానుపోను టికెట్లు కొంటే ఆరు పౌండ్ల రుసుము నలభై ఎనిమిది పౌండ్లయ్యేది. డెబిట్ కార్డు లావాదేవీకి వ్యాపారికయ్యే ఖర్చు ఇరవై పెన్నీలకు మించదని వినియోగదారుల సంస్థ 'విచ్' అంచనా వేసిందంటే, ఈ వసూలుకూ బ్యాంకు ఖర్చుకూ పొంతన లేదని స్పష్టమవుతుంది.

తప్పించుకోలేని రుసుములన్నిటినీ కలిపిన తుది ధరనే ఎల్లవేళలా చూపాలని ఐరోపా సమాఖ్య 2008లోనే నిబంధన చేసింది. అయితే చాలామంది దగ్గర లేని ఏదో ఒక రకం కార్డుకు మినహాయింపునిచ్చి, రుసుము తప్పించుకోదగినదేనని వాదించడానికి సంస్థలు దారి చూసుకున్నాయి. నిబంధన అక్షరాన్ని నిలిపి దాని ప్రాణాన్ని తీసిన ఈ ఉపాయమే ఆ చరిత్రలో అన్నిటికంటే ఖండించదగినది.

2011 మార్చిలో విచ్ సూపర్ కంప్లెయింట్ దాఖలు చేసింది. అంటే గుర్తింపు పొందిన వినియోగదారుల సంస్థ ఇచ్చే, అధికారులు తొంభై రోజుల్లో సమాధానం చెప్పి తీరవలసిన ఫిర్యాదు. విచారించిన ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్, 2010లో ఒక్క విమానరంగంలోనే ఇటువంటి రుసుముల కింద ప్రజలు 30 కోట్ల పౌండ్లు చెల్లించారని అంచనా కట్టింది. డెబిట్ కార్డు రుసుమును ప్రకటిత ధరలోనే కలపడానికి 2012 జులైలో పన్నెండు విమాన సంస్థలు అంగీకరించాయి. 2013 ఏప్రిల్ నుంచి అసలు ఖర్చుకు మించి వసూలు చేయడం, 2018 జనవరి 13 నుంచి వినియోగదారుల కార్డులపై అదనపు రుసుము వేయడమే నిషిద్ధమయ్యాయి.

భారతదేశంలో రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై వ్యాపారి ఇచ్చుకోవలసిన కమిషన్‌ను 2020 జనవరి నుంచి సున్నా చేశారు. అయినా హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో ఆన్‌లైన్‌లో టికెట్ కొనే ప్రయాణికుడికి చెల్లింపు వేళ 'కన్వీనియన్స్ ఫీజు' ఇప్పటికీ ఎదురవుతూనే ఉంది. దాన్ని మొదట చూపే ధరలోనే కలపాలని నియంత్రణ సంస్థలు ఆదేశించాలి.