వాతరక్తమూ తీపీ: ఆలస్యంగా బయటపడ్డ బంధుత్వం

యూరిక్ యాసిడ్ లవణం సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుని, వాపూ మంటా నొప్పీ పుట్టించే రోగం వాతరక్తం. ఇంగ్లిషు వైద్యంలో దీన్ని గౌట్ అంటారు. కీళ్ల నొప్పులన్నీ ఒక్కటి కావు. వయసు మీదపడి మోకాళ్లు అరగడం వేరు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే తిరగబడే రుమటాయిడ్ వాతం వేరు. వీటిలో తిండితో సంబంధం స్పష్టంగా తేలింది వాతరక్తం విషయంలోనే. ఏ తిండితో అన్న ప్రశ్నకు మాత్రం కాలాన్ని బట్టి జవాబు మారింది. మాంసం, మద్యం మొదట్లోనే పట్టుబడ్డాయి. చక్కెర మాత్రం వాటి పక్కనే కూర్చుని చాలాకాలం తప్పించుకుంది.

చరక సంహిత చికిత్సాస్థానంలో 29వ అధ్యాయం వాతరక్తానికే కేటాయించినది. రోగ కారణాల జాబితా అందులో పెద్దదే. ఉప్పు, పులుపు, కారం ఎక్కువైన భోజనం, అజీర్తి మీద తినడం, నీటి ప్రాణుల మాంసం, తెలకపిండి, ముల్లంగి, ఉలవలు, మినుములు, అనుములు, పెరుగు, మజ్జిగ, పులిసిన గంజి, మద్యం ఇవన్నీ అందులో ఉన్నాయి. చెరకు కూడా ఆ వరసలోనే ఉంది. తిండితో పాటు పగటి నిద్ర, రాత్రి జాగరణ, గుర్రాలూ ఒంటెలూ ఎక్కి తిరగడం కూడా కారణాలే. నడక మానేసి సుఖంగా కాలం గడిపే సుకుమారులకు ఈ రోగం ఎక్కువగా వస్తుందని చెప్పి, దానికి ‘ఆఢ్యవాతం’ అని మరో పేరు కూడా ఇచ్చారు. ఆఢ్యుడంటే కలిగినవాడు. ఇది పాదాల్లో మొదలై, ఒక్కోసారి చేతుల్లో మొదలై, ఎలుక విషం పాకినట్టు ఒళ్లంతా పాకుతుందని సుశ్రుత సంహిత వర్ణన. ప్రాచీనులు వాతరక్తం కింద చెప్పిన లక్షణాలన్నీ నేటి గౌట్‌కు సరిపోవు. అయినా కాలి నుంచి మొదలు కావడం, కలవారి ఇళ్లలో కనిపించడం, తిండితో ముడిపడటం రెండింటికీ ఒకటే.

గ్రీకులు దీన్ని ‘పొదగ్రా’ అన్నారు. కాలిని పట్టిన ఉచ్చు అని దాని అర్థం. నపుంసకులకు ఇది రాదనీ, ముట్లుడిగేదాకా ఆడవాళ్లకు రాదనీ హిప్పొక్రటీస్ పేర నడిచే సూత్రాల్లో ఉంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ యూరిక్ యాసిడ్‌ను మూత్రం ద్వారా బయటికి పంపడానికి తోడ్పడుతుందని ఇప్పుడు తెలుసు కాబట్టి, ఆ పరిశీలనలో రెండోది నేటికీ నిలుస్తుంది. రోమన్లు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రల్లో మరగకాచి చిక్కటి పాకం చేసేవారు, దాన్ని తీపి కోసం మద్యంలో కలిపేవారు. పులుపుతో కలిసిన సీసం తియ్యగా ఉండే లవణంగా మారుతుంది. ఆ సీసం మూత్రపిండాలను దెబ్బతీస్తే యూరిక్ యాసిడ్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

‘గౌట్’ అన్న మాట మధ్యయుగాల ఐరోపాలో పుట్టింది. లాటిన్‌లో ‘గుత్తా’ అంటే చుక్క. దుష్టరసం చుక్క చుక్కగా కీలులోకి కారుతుందని అప్పటి నమ్మకం. వైద్యంగా కొల్చికమ్ అనే మొక్క దుంప వాడేవారు. 6వ శతాబ్దపు వైద్యుడు ట్రాలెస్ అలెగ్జాండర్ దాన్ని వాడమని రాశాడు. అందులోంచి తీసిన కొల్చిసిన్ నేటికీ మందుల షాపుల్లో దొరుకుతోంది.

ఈ రోగానికి అసలైన కీర్తి 17, 18 శతాబ్దాల ఇంగ్లండ్‌లో వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని అనుభవించిన లండన్ వైద్యుడు థామస్ సిడెన్హామ్ 1683లో ఒక గ్రంథం వెలువరించాడు. అందులోని వర్ణన ఇలా సాగుతుంది. రోగి ఆరోగ్యంగానే పడుకుంటాడు. రాత్రి రెండు గంటల ప్రాంతంలో బొటనవేలి నొప్పితో మెలకువ వస్తుంది. చలి, వణుకు, ఆపైన జ్వరం. తెల్లవారేలోగా కప్పుకున్న దుప్పటి బరువు కూడా ఓర్చుకోలేని స్థితి, గదిలో ఎవరైనా గట్టిగా నడిస్తే ఆ అదురు కూడా భరించలేని స్థితి. నేటి డాక్టరు కూడా ఈ వర్ణనలో దిద్దవలసింది పెద్దగా ఉండదు. 1799లో జేమ్స్ గిల్రే గీసిన వ్యంగ్యచిత్రంలో వాచిన పాదాన్ని ఒక చిన్న నల్ల పిశాచి కోరలు దింపి కొరుకుతూ ఉంటుంది.

ఆ కాలపు దొరల బల్ల మీద మాంసమూ పోర్ట్ అనే పోర్చుగీసు మద్యమూ దండిగా ఉండేవి. 1703 నాటి మెథ్యూయెన్ ఒప్పందంతో పోర్చుగీసు మద్యం మీద పన్ను తగ్గి పోర్ట్ వాడకం పెరిగింది. ఆనాటి పోర్ట్‌ను తర్వాతి కాలంలో పరీక్షిస్తే సీసం కూడా బయటపడింది. వైద్యుల వేలు సహజంగానే వీటి మీదికి వెళ్లింది. అదే బల్ల మీద టీ కప్పులో, పుడ్డింగులో, జామ్‌లో కరిగిపోయి మరో కొత్త పదార్థం ఉంది, అదే చక్కెర. చెరకు సాగు న్యూగినీలో మొదలైంది. రసాన్ని కాచి పలుకులుగా మార్చే విద్య భారతదేశంలో రూపు దిద్దుకుంది. శర్కర అన్న సంస్కృత పదమే పారశీకం, అరబ్బీల మీదుగా ఇంగ్లిషులో ‘షుగర్’ అయింది. 17వ శతాబ్దం నడిమి నుంచి బార్బడోస్, ఆ తర్వాత జమైకా తోటల్లో ఆఫ్రికా బానిసల చాకిరితో చక్కెర ఓడలకెత్తే సరుకైంది. 1700 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో తలకు ఏటా సుమారు 4 పౌండ్ల చక్కెర వాడితే, 1800 నాటికి అది 18 పౌండ్లకు చేరింది. గౌట్ పెరిగిన కాలమూ ఇదే. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలదు. అప్పటికి ఆ అనుమానం కూడా బలంగా రాలేదు.

రోగం వెనకున్న పదార్థాన్ని రసాయన శాస్త్రం మెట్టు మెట్టుగా పట్టుకుంది. 1679లో డచ్చి దేశపు లేవెన్‌హుక్ గౌట్ గడ్డలోని తెల్లని ముద్దను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే సన్నని సూదులు కనిపించాయి. 1776లో రసాయనవేత్త షీలే మూత్రాశయపు రాయి నుంచి యూరిక్ యాసిడ్‌ను వేరుచేశాడు. 1797లో మరో రసాయనవేత్త వొలాస్టన్ గౌట్ గడ్డలో ఉన్నదీ అదేనని చూపాడు. 1848లో లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్ రోగుల రక్తంలోనే అది ఎక్కువగా ఉందని తేల్చాడు. ఆయన పెట్టిన పరీక్షకు కావలసింది ఒక గాజు పళ్లెం, ఒక నారదారం. రక్తంలోని పైతేటను పళ్లెంలో పోసి, కొన్ని చుక్కల ఎసిటిక్ యాసిడ్ కలిపి, అందులో దారం వేసి కదపకుండా ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో, పాకంలో వేలాడదీసిన దారానికి పటికబెల్లం పలుకులు కట్టినట్టు, యూరిక్ యాసిడ్ స్ఫటికాలు దారం పట్టుకుని పెరిగేవి.

యూరిక్ యాసిడ్ ప్యూరిన్ అనే పదార్థాలు విరిగినప్పుడు పుడుతుందని తర్వాత అర్థమైంది. ప్యూరిన్లు కాలేయం, మాంసం, కొన్ని చేపల్లో ఎక్కువ. దీంతో పథ్యం పట్టిక దానంతట అదే తయారైంది. చక్కెరలో ప్యూరిన్ రవ్వంత కూడా లేదు కాబట్టి దానికి అందులో చోటు రాలేదు. జర్మన్ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది చక్కెరల మీదా ప్యూరిన్ల మీదా చేసిన పనికే. ఒకే మనిషి చేతిలో రెండూ ఉన్నా, ఒంట్లో వాటికి ఉన్న లంకె తెలియడానికి ఇంకా అరవై ఏళ్లకు పైగా పట్టింది. వైద్యుల అనుభవం మాత్రం ఒక్కోచోట ముందే పసిగట్టింది. విలియం ఆస్లర్ 1890లలోనే గౌట్ రోగులకు చక్కెరా తియ్యటి పండ్లూ తగ్గించమని తన పాఠ్యగ్రంథంలో రాశాడు.

ఈలోగా చక్కెర కలవారి వస్తువుగా మిగల్లేదు. ఐరోపాలో బీట్‌రూట్ జాతి దుంప నుంచి చక్కెర తీసే ఫ్యాక్టరీలు లేచాయి. 1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకం పూర్తిగా ఎత్తేసింది. గౌట్ కూడా దొరల గడప దాటింది. గారడ్ దగ్గరికి వచ్చిన రోగుల్లోనే సీసంతో పనిచేసే పెయింటర్లు, ప్లంబర్లు చాలామంది.

లంకె దొరికింది 1967లో. ఫిన్లాండ్‌కు చెందిన పెర్హేంటుపా, రైవియో అనే వైద్యులు ఫ్రక్టోజ్ ఇచ్చిన పిల్లల రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతోందని లాన్సెట్ పత్రికలో చూపారు. మామూలు చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. కాలేయంలోకి వచ్చిన ఫ్రక్టోజ్‌కు వెంటనే ఒక ఫాస్ఫేట్ తగిలించాలి. దాన్ని ఇచ్చేది కణానికి చేతిఖర్చు లాంటి ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని వేరుచేసి చూపినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. గ్లూకోజ్ విషయంలో కణం అవసరం చూసుకుని ఖర్చుకు పగ్గం వేస్తుంది. ఫ్రక్టోజ్‌కు ఆ పగ్గం లేదు. ఒక్కసారిగా ఎక్కువ వస్తే ఏటీపీ చకచకా ఖర్చయిపోతుంది. ఏటీపీ కూడా ఒక ప్యూరిన్ పదార్థమే. విరిగిన దాని ముక్కలు మెట్లు దిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. తిన్నదానిలో ప్యూరిన్ లేకపోయినా ఒంట్లో ఉన్న ప్యూరిన్‌ను తీపి ఇలా కరిగిస్తుంది.

స్ఫటికం ఉంటే నొప్పి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1961లో మెకార్టీ, హోలాండర్ అనే వైద్యులు కీలు నీటిలోని స్ఫటికాలను ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో గుర్తించే పద్ధతి చూపారు. మరుసటి ఏడాది ఫెయిర్స్, మెకార్టీ ఆ స్ఫటికాలను తమ మోకాళ్లలోకే ఎక్కించుకున్నారు. గంటల వ్యవధిలో మోకాళ్లు వాచి భరించలేని నొప్పి వచ్చింది. 2006లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు రక్తకణాల్లోని ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ల కూటమిని ఈ స్ఫటికాలు రేపుతాయనీ, ఇంటర్‌ల్యూకిన్-1 అనే సంకేతం విడుదలై వాపు మండుతుందనీ తేల్చారు.

1970ల నుంచి అమెరికాలో మొక్కజొన్న నుంచి తీసిన ఫ్రక్టోజ్ పాకం కూల్‌డ్రింకుల్లోకి చేరింది. అక్కడి మగ వైద్య నిపుణులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2004లో ఒక విషయం తేల్చింది. మాంసం, చేపలు ఎక్కువ తినేవారిలో గౌట్ ఎక్కువ, పాల పదార్థాలు తీసుకునేవారిలో తక్కువ, ప్యూరిన్ ఉన్న కూరగాయల వల్ల మాత్రం ప్రమాదం పెరగలేదు. అదే బృందం 2008లో 46,393 మందిని 12 ఏళ్లు చూసిన లెక్క ప్రకటించింది. రోజుకు రెండో అంతకన్నా ఎక్కువో తియ్యటి కూల్‌డ్రింకులు తాగేవారిలో, నెలకు ఒకటి కూడా తాగని వారికన్నా గౌట్ ప్రమాదం 85 శాతం ఎక్కువ. చక్కెర లేని డైట్ డ్రింకులకు అలాంటి సంబంధం కనిపించలేదు. అదే ఏడాది జన్యు పరిశోధకులు మరో ముడి విప్పారు. చక్కెరలను మోసేదిగా భావించిన గ్లట్9 అనే ప్రోటీన్ యూరిక్ యాసిడ్‌నూ మోస్తుందని, దాని జన్యువులోని తేడాలను బట్టి రక్తంలో ఆ మోతాదు మారుతుందని తెలిసింది.

తిండికి ఉన్న పాత్రకు హద్దు కూడా ఈ పరిశోధనలే చూపాయి. పథ్యంతో రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గేది సాధారణంగా డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము లోపే. మిగతాది జన్యువులు, మూత్రపిండాల పనితీరు, ఒంటి బరువు నిర్ణయిస్తాయి. అందుకే తరచూ నొప్పి వచ్చేవారికి ప్రధాన చికిత్స మందులే. వాటిలో ముఖ్యమైన అల్లోప్యూరినాల్ 1966లో అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని రూపొందించిన ఎలియన్, హిచింగ్స్‌లు 1988 నోబెల్ గ్రహీతల్లో ఉన్నారు. తీపి మానడానికి బదులు బెల్లానికో తేనెకో మారడం వల్ల ప్రయోజనం లేదు. బెల్లంలో అత్యధిక భాగం మామూలు చక్కెరే, తేనెలో గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజే ఎక్కువ. అమెరికా రుమటాలజీ వైద్యుల సంస్థ 2020లో వెలువరించిన సూచనల్లో తగ్గించుకోవలసినవిగా మద్యం, ప్యూరిన్లు ఎక్కువగా ఉన్న ఆహారం, ఫ్రక్టోజ్ పాకం మూడూ ఉన్నాయి. చరకుడి జాబితాలో మాంసానికీ మద్యానికీ మధ్య ఉన్న చెరకు లాగే, ఇక్కడా తీపికి వాటి సరసనే చోటు దొరికింది.