ఐ నెత్తిన చుక్క

ఇంగ్లీషు స్మాల్ లెటర్లలో ఐ మీద, జె మీద పెట్టే చుక్కకు టిటిల్ అని పేరు. ఇసుమంత, రవ్వంత అని మనం అనే చోటా పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఇదే మాట కనిపిస్తుంది.

మొదట్లో ఆ చుక్క లేదు. రోమన్లకు ఐ అంటే ఒట్టి నిలువు గీత. చిక్కు మధ్యయుగాల్లో వచ్చింది. మఠాల్లో లేఖకులు రాసిన గాథిక్ లిపిలో ఎం అంటే మూడు పొట్టి గీతలు, ఎన్, యు రెండేసి, ఐ ఒక్కటి. 'మినిమమ్' అని లాటిన్‌లో రాస్తే 15 గీతలు వెదురు కంచెలా వరసగా నిలబడేవి. ఏ అక్షరం ఎక్కడ ముగిసిందో పోల్చుకోవడం గగనమే. అందుకని సుమారు 11వ శతాబ్దం నుంచి ఐ మీద సన్నని ఏటవాలు గీత పెట్టసాగారు. పోనుపోను అదే చుక్కయింది. చదివేవాళ్ల అవస్థ ఎరిగిన లేఖకుడెవరో చేసిన మేలు అది.

మాటకు మూలం లాటిన్ 'టిటులస్'. శీర్షిక అని అర్థం. ఇంగ్లీషు 'టైటిల్' కూడా దాని బిడ్డే. తోలుపత్రాల మీద చోటు కలిసిరావడానికి లేఖకులు మాటలను కుదించి, గుర్తుగా పైన చిన్న గీత గీసేవారు. ఆ గీతకూ ఈ పేరే దక్కింది. స్పానిష్ ఎన్ మీది వంకర గీత 'టిల్డే' ఈ కుటుంబంలోదే.

మాటను బతికించింది మాత్రం బైబిలు. 14వ శతాబ్దపు వైక్లిఫ్ అనువాదంలోనూ, 1526లో టిండేల్ అనువాదంలోనూ, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ ఇది ఉంది. ధర్మశాస్త్రంలో అణువంతైనా తప్పిపోదని యేసు చెప్పే చోటు అది, మత్తయి సువార్త ఐదో అధ్యాయం. అక్కడి గ్రీకు మాటకు కొమ్ము అని అర్థం. హీబ్రూలో దాలెత్‌నూ రేష్‌నూ వేరుచేసే చిన్న మొన లాంటిదన్నమాట. మనకు ధ, థల మధ్య లోపలి చుక్క ఎంతో, వాళ్లకు అదీ అంతే. తెలుగు బైబిలు అనువాదకులు ఆ చోట పొల్లు, సున్న అన్నారు. ఎంత చక్కగా కుదిరిందో! సున్న జారిపోతే బండి బడి అయిపోతుంది.

1928లో లాటిన్ లిపికి మారిన టర్కీ ఈ చుక్కను ఇంకో మెట్టు ఎక్కించింది. అక్కడ చుక్క ఉన్న ఐ, లేని ఐ రెండు వేర్వేరు అచ్చులు. చుక్క ఉన్నదానికి క్యాపిటల్ లెటర్‌లోనూ చుక్క తప్పదు. ఇస్తాంబుల్ పేరు అక్కడ అలాగే రాస్తారు.