పాట పట్టించిన చిరునామా

అమెరికన్ బ్లూస్ గాయకుడు మిసిసిపీ జాన్ హర్ట్ అవలాన్ అనే చిన్న పల్లెలో పొలం పనులు చేసుకుంటూనే గిటారు వాయించేవాడు. బొటనవేలు మందపు తీగల మీద లయ తప్పకుండా నడుస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద వరుసను మీటేవి. వింటే ఇద్దరు వాయిస్తున్నట్టే ఉండేది. 1928లో ఓకే రికార్డ్స్ మెంఫిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ అతని పాటలు రికార్డు చేసింది. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. హర్ట్ మళ్లీ పొలం బాట పట్టాడు, అదీ ఏకంగా 35 ఏళ్లు! 1963లో టామ్ హాస్కిన్స్ అనే రికార్డుల అభిమాని, హర్ట్ పాత పాటలో వినిపించిన ఊరిపేరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. అదే ఏడాది హర్ట్ న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో పాడాడు. గొంతు చించుకునే బ్లూస్‌కు అలవాటుపడ్డ చెవులకు ఆ మెత్తని గొంతు కొత్తగా తోచి ఉండాలి. 1966లో కన్నుమూసేలోగా అతను మరికొన్ని ఆల్బమ్‌లకు పాడాడు.