అబ్జర్వేషన్: చూపు కంటే ముందు కాపు

రోగిని 24 గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచామంటారు డాక్టర్లు. చట్టంతో చిక్కుపడ్డ బాలలను విచారణ ముగిసేదాకా ఉంచే చోటు అబ్జర్వేషన్ హోమ్. ప్రయోగశాల రికార్డులో అదే మాట విద్యార్థి రాసుకున్న కొలతలకు పేరు. మొదటి రెండింటిలో కాపు ఉంది, మూడోదానిలో చూపు ఉంది. చూపే అసలు అర్థమనీ, కాపు తర్వాత వచ్చి చేరిందనీ అనుకోవడం సహజం. మాట చరిత్ర చూస్తే వరుస తిరగబడుతుంది.

లాటిన్‌లో సెర్వారే అంటే కాపాడడం, కాపు కాయడం. దానికి ఆబ్ అనే ఉపసర్గ చేరి ఆబ్సెర్వారే అయింది. ప్రిజర్వ్, రిజర్వ్, కన్జర్వ్ కూడా ఆ ధాతువు సంతానమే. నియమాన్ని తప్పక పాటించడమూ ఆబ్సెర్వారే అర్థాల్లో ఒకటి. ఇంగ్లిషులో వ్రతాలనూ పండుగలనూ ‘అబ్జర్వ్’ చేయడం అక్కడి నుంచి వచ్చిందే. రోములో శకునాల కోసం ఆకాశాన్ని కనిపెట్టి ఉండడానికీ సెర్వారేనే వాడేవారు. ఆ పనికి రాజకీయ బలం ఉండేది. క్రీ.పూ. 59లో సీజర్‌తో పాటు కాన్సల్‌గా ఉన్న బిబులస్ ఇంటి గడప దాటకుండానే, తాను ఆకాశాన్ని చూస్తున్నానని ప్రకటనలు పంపి చట్టసభల పనికి అడ్డుపడ్డాడు. సీజర్ లెక్కచేయలేదు. ఆకాశంలో ఏం కనబడిందని కాదు, కాపు కాస్తున్నాననడమే అక్కడ ఆయుధం.

అబ్జర్వేషన్‌ను తెలుగు శాస్త్రపరిభాషలో మనం పరిశీలన అంటాం. లాటిన్ మాటకు అంతకంటే దగ్గరి చుట్టం ‘కనిపెట్టు’ అని నా అభిప్రాయం. ‘అమ్మమ్మను కనిపెట్టుకుని ఉండు’ అంటే కాపు. తెలుగు బైబిల్లో దేవుని కొరకు కనిపెట్టడం ఎదురుచూపు. దొంగను కనిపెట్టడం ఆచూకీ తీయడం. సంస్కృతంలో చూడడమైన నిరీక్షణ కూడా హిందీలో తనిఖీ అయింది, మన వాడుకలో ఎదురుచూపుగా స్థిరపడింది.

ఈ అర్థాలన్నీ ఒక్కచోట కలిసిన సందర్భం గుంటూరుది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడ వర్ణపటదర్శినితో సిద్ధమయ్యాడు. సూర్యుడి అంచున లేచిన జ్వాలల వెలుగులో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులని తేలింది. ఇంతవరకూ ఆ గ్రహణాన్ని చూసిన ఇతర శాస్త్రజ్ఞులకూ దక్కిందే. గీతలు ఇంత కాంతితో ఉంటే గ్రహణం లేకున్నా దొరకాలని జాన్సెన్‌కు తోచింది. మర్నాడు ఉదయం పరికరాన్ని సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. గీతలు దొరికాయి. ఊరు వదలకుండా మరికొన్ని రోజులు వాటినే కనిపెట్టి ఉన్నాడు. అక్టోబరులో ఖగోళ శాస్త్రజ్ఞుడు లాకియర్ ఇంగ్లండులో విడిగా ఇదే పద్ధతి సాధించాడు.

హీలియం గుంటూరులో దొరికిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ జ్వాలల గీతల్లో పసుపుదాని వెనక హీలియం అనే కొత్త మూలకం ఉందని ప్రతిపాదించింది లాకియర్. గుంటూరుకు న్యాయంగా దక్కాల్సిన ఖ్యాతి మర్నాటి ఉదయానిది: సూర్యజ్వాలలను చూడడానికి ఆ తర్వాత శాస్త్రజ్ఞులు గ్రహణపు కొద్ది నిమిషాల కోసం సముద్రాలు దాటాల్సిన పని లేకపోయింది.